కప్పు మీద పేరు

సంక్రాంతి ఇంకా నెల రోజులుందనగానే మా నకిరేకల్‌లో కప్పుల బేరాలు మొదలవుతాయి. చుట్టుపక్కల పల్లెల్లో క్రికెట్టు, కబడ్డీ, వాలీబాల్ పోటీలు పెట్టే కుర్రవాళ్ళు మోటారు సైకిళ్ళ మీద ఇద్దరిద్దరుగా దిగుతారు. నిమ్మకాయల మార్కెట్టుకు సరుకు తెచ్చిన రైతు తిరుగు ప్రయాణంలో ఆగి, తమ ఊరి బడి వార్షికోత్సవానికి పది షీల్డులు ఎంతవుతాయని అడుగుతాడు. మొదటి బహుమతికి మూడడుగుల కప్పు, రెండో బహుమతికి రెండడుగులది, మంచి ఆటగాడికి విడిగా ఒక మెమెంటో – ఇలా లెక్క తేలుతుంది. ఎత్తు చూస్తారు, మెరుపు చూస్తారు, ధర దగ్గర గీచిగీచి బేరమాడతారు. అంతా అయ్యాక, లేచి వెళ్ళబోతూ, "అన్నా, మా లోగో ఫోనులో పంపిస్తం, పేర్లు గూడ పంపిస్తం, జర మంచిగ చెక్కించుండ్రి" అని ఒక్క మాట అంటారు.

ఆ ఒక్క మాటతో మొదలయ్యేది నా పని. నేను కప్పులు అమ్మను. చెక్కే యంత్రం నడపను. ఆ రెంటికీ నడుమ కూర్చుని, వాళ్ళు పంపిన బొమ్మనూ, పేర్లనూ యంత్రానికి అర్థమయ్యేటట్టు గీసి ఇస్తాను. కుంచె పట్టి గోడల మీదా, లారీల మీదా అక్షరాలు రాసిన చేయి ఇప్పుడు కంప్యూటరు మీద రాస్తున్నదన్న మాట. ఈ సంగతి ఎవరికి చెప్పినా, "చెక్కేది లేజరు కదండీ, మధ్యలో మీరెందుకు?" అంటారు. ప్రశ్న న్యాయమైనదే. ఇంట్లో ఆడుకునే పిల్లలున్న ప్రతివారికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ కప్పులతో పని పడుతుంది కనుక, జవాబు కాస్త విపులంగానే చెబుతాను.

వెలుగే ఉలి

లేజరు పుట్టి ఎంతో కాలం కాలేదు. 1960 మే 16వ తేదీన అమెరికాలో థియొడోర్ మైమన్ అనే శాస్త్రజ్ఞుడు కెంపు కడ్డీతో మొట్టమొదటి లేజరును వెలిగించాడు. నాలుగేళ్ళు తిరక్కుండా 1964లో బెల్ ప్రయోగశాలలో కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పనిచేసే లేజరు తయారయింది. దాన్ని కనిపెట్టిన కుమార్ పటేల్ మనదేశంవాడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టాడు. ఇవాళ ఊరూరా యాక్రిలిక్ పలకలను, చెక్కను, గాజును చెక్కుతున్న యంత్రాల్లో ఎక్కువ భాగం ఆయన కనిపెట్టిన జాతివే.

ఈ లేజరు కిరణం కంటికి కనబడదు. అద్దంలోంచి పోయి ఇంచుమించు మిల్లీమీటరులో పదోవంతు చుక్కగా కేంద్రీకరిస్తుంది. ఆ చుక్క తగిలిన చోట యాక్రిలిక్ ఆవిరైపోతుంది, చెక్క మాడుతుంది, గాజు మీది పొర సన్నసన్నగా పగిలి తెల్లబడుతుంది. అయితే నున్నటి ఇత్తడి, ఉక్కు రేకుల దగ్గర దీని ఆట సాగదు. వాయు లేజరు తరంగం 10.6 మైక్రాన్ల పొడవు – మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. అంత పొడుగు తరంగాన్ని లోహం అద్దంలాగా తిప్పికొడుతుంది. అందుకని లోహానికి ఫైబర్ లేజరు వాడతారు. దాని తరంగం 1.06 మైక్రాన్లే, లోహం దాన్ని మింగి వేడెక్కుతుంది. కప్పు దేనితో చేశారో ముందుగా అడిగేది ఇందుకే.

ఈ రెండు యంత్రాలకూ నేర్పు ఎంతున్నా బుద్ధి లేదు. గీత వంకరగా ఉంటే అది వంకరగానే చెక్కుతుంది. అక్షరం తప్పయితే తప్పునే ఎంతో అందంగా చెక్కుతుంది. బొమ్మలో ఏముందో అదే కప్పు మీదికి దిగుతుంది. కాగితం మీద అచ్చయిన తప్పును దిద్దుకోవచ్చు. చెక్కినదాన్ని చెరపాలంటే పలకే మార్చాలి.

ముందు రాసేవాడు, తరువాత చెక్కేవాడు

ఇదేదో కంప్యూటర్లతో వచ్చిన కొత్త పద్ధతి అనుకోనక్కర లేదు. మాకు సూర్యాపేట దగ్గర. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. కాకతీయుల కాలంలో రేచర్ల రెడ్లు కట్టించిన గుళ్ళు అక్కడున్నాయి. ఎనిమిది వందల ఏళ్ళనాటి శాసనాలు నేటికీ రాతి మీద నిలిచి ఉన్నాయి. నేను వెళ్ళినప్పుడల్లా ఆ అక్షరాల వరసలు చూస్తూ ఉంటాను. పంక్తులు సమంగా సాగుతాయి. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎడం ఒక లెక్కలో ఉంటుంది. పెద్దపెద్ద శాసనాలకు మాటలు కూర్చినవాడు ఒకడు, అక్షరాలు రాసినవాడు ఒకడు, ఉలితో చెక్కినవాడు ఒకడు ఉండడం కద్దు. కొన్ని రాగిరేకుల చివర రాసినవాడి పేరూ, చెక్కినవాడి పేరూ వేరువేరుగా కనిపిస్తాయి.

మొన్నమొన్నటి వరకూ వెండి గిన్నెల మీద పేర్లు చెక్కిన కంసాలి అయినా అంతే. ఉలి పట్టకముందు సన్నని సూదిమొనతో అక్షరాల రూపు గీసుకునేవాడు. పెంబర్తిలో ఇత్తడి రేకు మీద నగిషీ పనిచేసేవారు ముందు బొమ్మను రేకు మీదికి దించుకుని, ఆపైనే సుత్తి అందుకుంటారు. అయితే వాళ్ళకూ మాకూ ఒక తేడా ఉంది. చెక్కేవాడు మనిషి అయితే, గీసినవాడు పొరబడ్డ చోట ఆగి, "ఇదేమిటి, ఇక్కడ దీర్ఘం ఉండాలి కదా?" అంటాడు. లేజరు ఆగదు, అడగదు. ఆ అడగవలసిన ప్రశ్నలన్నీ బొమ్మ తయారయ్యే బల్ల దగ్గరే అయిపోవాలి.

ఫోనులో వచ్చిన బొమ్మ

ఇక లోగో సంగతికి వద్దాం. జట్టు కుర్రవాళ్ళు పంపే బొమ్మ సాధారణంగా ఎక్కడో ఫ్లెక్సీ మీద ఉన్నది. దాన్ని ఒకడు ఫోటో తీస్తాడు. ఇంకొకడికి వాట్సాప్‌లో పంపుతాడు. అక్కడ అది కొంత కుదించుకుపోతుంది. వాడు దాన్ని స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపుతాడు. ఫోనులో చూస్తే ముచ్చటగానే ఉంటుంది. పెద్దది చేసి చూస్తే మెట్లు మెట్లుగా గళ్ళు బయటపడతాయి.

లెక్క చూడండి. లోగో అడ్డంగా 200 చుక్కలుందనుకుందాం. కప్పు పలక మీద దాన్ని 50 మిల్లీమీటర్ల వెడల్పున చెక్కాలి. మిల్లీమీటరుకు నాలుగు చుక్కలే పడ్డాయి. యంత్రమో, అంగుళానికి 300 గీతల చొప్పున, అంటే మిల్లీమీటరుకు దాదాపు పన్నెండు గీతలు గీయగలదు. బొమ్మలోని ఒక్కో గడిని అది మూడేసి గీతల మందాన ఎంతో శ్రద్ధగా మెట్టులా చెక్కి పెడుతుంది. గుండ్రని బంతి కాస్తా రంపపు పళ్ళ చక్రం అవుతుంది.

దీనికి మందు బొమ్మను చుక్కల్లోంచి గీతల్లోకి మార్చడమే. మా వాడుకలో దాన్ని వెక్టర్ అంటాం. చుక్కల బొమ్మలో బంతి అంటే కొన్ని వందల గళ్ళ గుంపు. వెక్టర్‌లో బంతి అంటే ఒక కేంద్రం, దాని చుట్టూ ఒక వలయం. ఎంత పెంచినా వలయం వలయంగానే ఉంటుంది. కంప్యూటరే తనంతట తాను ట్రేస్ చేసే మార్గం కూడా ఉంది. ఒక్క మీట నొక్కితే చాలు. కాని మసకబారిన బొమ్మను అలా ట్రేస్ చేస్తే అది మసకను కూడా గీతలుగా తీస్తుంది. నాలుగు నోడ్‌లతో పోవలసిన వలయానికి నాలుగు వందల నోడ్‌లు పెడుతుంది. చెక్కేటప్పుడు యంత్రం ప్రతి నోడ్ దగ్గరా తడబడుతుంది. కనుక మంచి పని కావాలంటే పాత బొమ్మను అడుగున పరచుకుని, పైన చేత్తో కొత్తగా గీయడమే. నా సమయంలో సగం ఇక్కడే పోతుంది.

గీసేటప్పుడు ఒక నియమం పెట్టుకున్నాను. అసలు కప్పు మీద పడే కొలతలో ఏ గీతా 0.3 మిల్లీమీటరు కన్న సన్నగా ఉండకూడదు. నాలుగు తలవెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత మందం అది. రెండు గీతల మధ్య ఖాళీ కూడా అంతకు తగ్గకూడదు. తగ్గితే చెక్క మీద మాడు పాకి, రెండూ ఒకటైపోతాయి. పులి బొమ్మ ఉన్న లోగోలో మీసాలు తొమ్మిది ఉంటే ఐదు చేస్తాను. ఎవరూ లెక్కపెట్టరు, పులి మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది.

రంగులు పోయాక మిగిలేది

లేజరుకు రంగులు తెలియవు. ఎరుపు మీద పసుపు అక్షరాలున్న లోగో కాగితం మీద కళ్ళు చెదిరేలా ఉంటుంది. రెండు రంగులనూ ఒకే నలుపుగా మార్చామా, అక్షరాలు నేపథ్యంలో కలిసిపోయి ఏమీ మిగలదు. అందుచేత ప్రతి లోగోనూ ముందు నలుపు తెలుపుల్లో ఆలోచించాలి: ఏది చెక్కాలి, ఏది విడిచిపెట్టాలి? నీడలు తీసేయాలి. ఒక రంగు మెల్లమెల్లగా ఇంకో రంగులోకి జారే సొగసులు తీసేయాలి. ఆ తరువాత కూడా ఆ జట్టువాడు దూరం నుంచి చూసి, "ఇది మాదే" అనగలిగితే లోగో బతికినట్టు.

మంచి చిహ్నాలకు కూడా ఈ చిక్కు తప్పదు. 2014లో తెలంగాణ రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజముద్రను రూపొందించినవారు మన ఉమ్మడి నల్లగొండ జిల్లాలో పుట్టిన చిత్రకారులు ఏలె లక్ష్మణ్. కాకతీయ తోరణం, చార్మినారు, పైన మూడు సింహాలు, చుట్టూ మూడు భాషల అక్షరాలు. కాగితం మీద ఎంత నిండుగా ఉంటుందో అందరికీ తెలుసు. అంతటి నిండైన పనిని చిన్న నాణెమంత చోట ఒక్క రంగులో చెక్కాలంటే తోరణం మీది నగిషీ, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. దానికి తగినంత చోటు ఇవ్వడమే మర్యాద.

మాట వచ్చింది కనుక ఇంకొకటి. చాలామంది కుర్రవాళ్ళు, "పైన మూడు సింహాలు పెట్టన్నా, గవర్నమెంటు కప్పు లెక్క కనిపిస్తది" అంటారు. అది కూడదు. జాతీయ చిహ్నాన్ని అనుమతి లేకుండా ఎవరుబడితే వారు వాడడాన్ని 2005 నాటి చట్టం నిషేధిస్తున్నది. కంపెనీల గుర్తులకు కూడా యజమానుల అనుమతి కావాలి. నేను నచ్చచెప్పి, వాళ్ళ ఊరి చెరువో, గుట్టో, గుడి గోపురమో గీసి పెడతాను. అది చూశాక సింహాలను మళ్ళీ అడిగినవారు లేరు.

నల్లరాతి పలక మీద ఫోటో చెక్కించేవారికి ఒక హెచ్చరిక. కాగితం మీద సిరా పడిన చోట నల్లగా అవుతుంది. నల్ల గ్రానైటు మీద లేజరు పడిన చోట తెల్లగా అవుతుంది. కనుక ఫోటోను ముందుగా తలకిందులు చేయాలి – నలుపును తెలుపు, తెలుపును నలుపు. అది మరచిపోతే పాతికేళ్ళ పిల్లవాడు తెల్ల జుట్టు, తెల్ల మీసాలతో, నల్లని మొహంతో తాతగారై కూర్చుంటాడు. అలాగే పారదర్శకంగా ఉండే యాక్రిలిక్ షీల్డును వెనకవైపు నుంచి చెక్కి ముందునుంచి చూస్తాం కాబట్టి బొమ్మనూ, అక్షరాలనూ అద్దంలో చూసినట్టు తిప్పి ఇవ్వాలి. తిప్పిన తెలుగును చదివి తప్పులు పట్టడం ఎవరివల్లా కాదు. తప్పులన్నీ తిప్పకముందే చూసుకోవాలి.

ఇంకో మాట కుర్రకారుకు. ఇంట్లో మిగిలిన పీవీసీ పలక తెచ్చి, దాని మీద చెక్కమంటారు. పీవీసీ మీద లేజరు వేస్తే ప్రాణానికి ముప్పయిన క్లోరిన్ సంబంధపు విషవాయువు పుడుతుంది. యంత్రం తుప్పు పడుతుంది, నడిపేవాడి ఊపిరితిత్తులూ పాడవుతాయి. ఎంత బతిమాలినా ఆ పనికి ఎవరూ ఒప్పుకోకూడదు.

వత్తులు, దీర్ఘాలు

ఇంతవరకూ చెప్పినవి ఏ దేశంలోనైనా ఉండే చిక్కులు. మన తెలుగుకు ప్రత్యేకమైనవి వేరే ఉన్నాయి. ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలన్నీ సైనికుల్లాగా ఒకే ఎత్తున నిలబడతాయి. మన అక్షరం అలా కాదు. నెత్తిన తలకట్టో గుడో ఉంటుంది, కాళ్ళ దగ్గర వత్తు ఉంటుంది. "స్త్రీల కబడ్డీ" అని రాయండి. మొదటి అక్షరానికే పైన గుడిదీర్ఘం, కింద రెండు వత్తులు. పాతిక మిల్లీమీటర్ల ఎత్తున్న పలక మీద నాలుగు పంక్తులు పెట్టమంటే ఒక్కో పంక్తికి ఆరు మిల్లీమీటర్లు వస్తాయి. పైదీ కిందదీ పోను అసలు అక్షరానికి మిగిలేది రెండున్నర. అందులో దీర్ఘానికి ఉండే చిన్న మెలిక సగం మిల్లీమీటరు ఉంటే గొప్ప.

ఆ చిన్న మెలిక పూడిపోతే దీర్ఘం పోయింది. "ధ" అడుగున ఉండే చిన్న గీత మాడులో కలిసిపోతే అది "ద" అయి కూర్చుంటుంది. సుధ గారు సుద అవుతారు. "ఫ" పోయి "ప" వస్తుంది. పంక్తులు మరీ దగ్గరైతే పై పంక్తి వత్తు వచ్చి కింది పంక్తి గుడి మీద కూర్చుంటుంది. కాబట్టి నా సలహా ఎప్పుడూ ఒకటే: మాటలు తగ్గించండి, అక్షరాలు పెంచండి. దాతల పేర్లు, వారి బిరుదులు, వారి పదవులు అన్నీ పలక మీద కుక్కితే ఎవరి పేరూ చదవడానికి రాదు. ఒప్పించడం తేలిక కాదనుకోండి. "సర్పంచు సాబు పేరు చిన్నగయితే ఎట్లన్నా?" అని భయపడతారు. నేను ఆ పేరును పక్క పలక మీదికి పంపిస్తాను.

తరువాత ఫాంట్ల గొడవ. తెలుగు అచ్చుపనిలో చాలాకాలంగా వాడుకలో ఉన్న అనూ వంటి ఫాంట్లు ఇంగ్లీషు మీటల చాటున తెలుగు ముక్కలను దాచుకున్నవి. అదే ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే తెలుగు మాయమై అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వచ్చింది; అందులో తెలుగుకు 128 గళ్ళు కేటాయించారు. ఫోనులో మనం కొట్టే తెలుగంతా ఆ లెక్కలోదే. అది ఎక్కడైనా తెలుగుగానే ఉంటుంది. కాని కొన్ని పాత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్లలో వత్తు అక్షరం కిందికి చేరక, పొల్లుతో సహా పక్కన విడిగా నిలబడుతుంది. ఈ రెండు బాధలూ తప్పాలంటే ఫైలును పంపేముందు అక్షరాలన్నింటినీ కర్వ్స్ చేయాలి, అంటే ఉత్త గీతలుగా మార్చేయాలి. ఆ తరువాత ఏ కంప్యూటరులో తెరిచినా మారదు. అయితే అప్పటినుంచి అది రాత కాదు, బొమ్మ. ఒక్క అక్షరం మార్చాలన్నా మళ్ళీ మొదటికి రావాలి.

కర్వ్స్ చేశాక కూడా పని అయిపోలేదు. తెలుగు ఫాంట్లలో చాలాచోట్ల తలకట్టు ఒక ముక్క, ఒంపు ఒక ముక్క. రెండూ ఒకదాని మీదికి ఒకటి కొంచెం జరిగి ఉంటాయి. అలా రెండు పొరలు పడిన చోటును కొన్ని యంత్రాలు ఖాళీగా లెక్కవేసి చెక్కకుండా విడిచిపెడతాయి. అక్షరం మెడ దగ్గర తెల్లని రంధ్రం మిగులుతుంది. అందుకని ముక్కలన్నింటినీ వెల్డ్ చేసి ఒకే రేఖగా చేయాలి. అక్షరాలను పలకలోంచి ఆరపారగా కోయించేటప్పుడు ఇంకో చిత్రం జరుగుతుంది. సున్న చుట్టూ కోస్తే మధ్యనున్న గుండ్రని ముక్క రాలి కిందపడుతుంది. మన అక్షరాల్లో ఇలాంటి మూసుకున్న పొట్టలే ఎక్కువ. ఒక్కో పొట్టకూ చిన్న వంతెన కట్టి నిలబెట్టాలి.

ఒక నోటుపుస్తకం

ఇదంతా కొలతల గొడవగా కనిపించవచ్చు. కొలతలకు అవతల ఏముందో తెలిపే ఒక సంగతి చెబుతాను.

మా దగ్గర చాలా పోటీలు చనిపోయినవారి జ్ఞాపకార్థం జరుగుతాయి. ఒకసారి ఒక పల్లె నుంచి నలుగురు కుర్రవాళ్ళు వచ్చారు. వాళ్ళ జట్టులో ఆడిన స్నేహితుడు బండి ప్రమాదంలో పోయాడు. అతని పేరిట కబడ్డీ పోటీలు పెడుతున్నారు. పేరు రాసిన కాగితం ఇచ్చారు. నేను ప్రూఫ్ తీసి బల్ల మీద పెట్టి, ఇంటివాళ్ళలో ఒకరిని తీసుకురమ్మన్నాను. మరునాడు ఆ పిల్లవాడి తల్లిని వెంటబెట్టుకు వచ్చారు.

ఆమె ప్రూఫు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"గిది మా పిలగాని పేరు గాదు" అంది.

"అదే పెద్దమ్మా, మంచిగ చూడు" అన్నాడు ఒకడు.

"నాకు సదువు రాదు బిడ్డా. కాని వాడు రాసుకునే పేరు ఎట్లుంటదో నాకెరుక" అని, సంచీలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పదో తరగతి లెక్కల నోటుపుస్తకం ఉంది. అట్ట మీద పిల్లవాడు నీలం సిరాతో తన పేరు రాసుకున్నాడు. ఆ పేరులో "ణ" ఉంది. కుర్రవాళ్ళ కాగితంలో "న" ఉంది. పాపం, వాళ్ళు ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టారు. ఇంగ్లీషుకు ఈ రెండూ ఒకటే. ఫోను తనకు తోచింది రాసిపెట్టింది.

ఆ అట్ట చూస్తూ నాకొక ఆలోచన వచ్చింది. "అమ్మా, ఏ ఫాంటూ వద్దు. బాబు రాసుకున్నదే చెక్కిద్దామా?" అన్నాను. ఆమెకు నా మాట అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక తల ఊపింది.

అట్టను 600 చుక్కల లెక్కన స్కాన్ చేశాను. కలం గీత అర మిల్లీమీటరు కూడా లేదు. రెండింతలు చేస్తే చెక్కడానికి తగిన మందం వచ్చింది. సిరా అక్కడక్కడ తెగిపోయింది. అట్ట ముడతలు పడిన చోట మచ్చలున్నాయి. కంప్యూటరును ట్రేస్ చేయమంటే మచ్చలను కూడా పేరులో కలిపేసింది. దాన్ని పక్కన పెట్టి, గీత వెంట గీత చేత్తో గీశాను. "ణ" తోక కొంచెం వంకరగా పోయింది. దాన్ని సరిచేయడం నాకు ఒక్క నిమిషం పని. చేయలేదు. అది ఆ పిల్లవాడి వంకర.

ఇత్తడి రేకు మీద ఆ పేరు చెక్కడానికి యంత్రానికి మూడు నిమిషాలు పట్టలేదు. ఆమె దాన్ని చదవలేదు. వేలితో మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా తడిమి చూసి, "ఇప్పుడు మావానిది" అంది.

లోకంలో పెద్ద కప్పులు

పేరు విషయంలో ఇంత పట్టింపు పల్లెల్లోనే అనుకోకండి. ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు అడుగున 1974 నుంచి గెలిచిన దేశాల పేర్లు చెక్కుతూ వస్తున్నారు. 1900లో మొదలైన డేవిస్ కప్ టెన్నిస్ గిన్నె మీద ఆటగాళ్ళ పేర్లకు చోటు చాలక, అడుగున పీఠాల మీద పీఠాలు చేర్చుకుంటూ పోయారు. పేరు లేకపోతే వెండి గిన్నె ఒట్టి వెండి గిన్నే.

పొరపాట్లూ పెద్దవాళ్ళకు తప్పలేదు. మంచు హాకీకి ఇచ్చే స్టాన్లీ కప్పు 1892లో కెనడా గవర్నర్ జనరల్ ఇచ్చినది. ఏటా గెలిచిన జట్టు ఆటగాళ్ళ పేర్లన్నీ దాని మీద చెక్కుతారు. 1972లో గెలిచిన బాస్టన్ జట్టు పేరులో రెండు "ఓ" అక్షరాల బదులు "క్యూ" అక్షరాలు పడ్డాయి. 1981లో ఐలాండర్స్ జట్టు పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది. 1984లో ఒక జట్టు యజమాని, ఆటతో సంబంధం లేని తన తండ్రి పేరును కూడా ఆటగాళ్ళ సరసన చెక్కించాడు. ఆక్షేపణ వచ్చాక ఆ పేరు మీద వరసగా ఇంటూ గుర్తులు కొట్టారు. ఆ కొట్టివేత కూడా చరిత్రలో నిలిచిపోయింది. లోహం మీద పడిన తప్పుకు ఆయుష్షు ఎక్కువ.

కప్పు చేయించేవారికి

మీ బడికో, కాలనీకో, మీ పిల్లల జట్టుకో కప్పులు చేయించే సందర్భం వస్తే ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

లోగోను మొదట గీసినవారు ఎవరో కనుక్కుని, వారి దగ్గరి అసలు ఫైలే అడగండి – సీడీఆర్ గాని, పీడీఎఫ్ గాని. అది దొరక్కపోతే ఉన్నవాటిలో పెద్ద బొమ్మను వాట్సాప్‌లో ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపండి, కుదించుకుపోదు.

పేర్లను ఫోనులో చెప్పకండి. తెలుగులో స్పష్టంగా చేత్తో రాసి ఇవ్వండి. ల, ళ, న, ణ, ద, ధ – ఈ జంటల దగ్గర రెండుసార్లు చూడండి. ఎవరి పేరో ఆ మనిషికి, లేదా ఆ ఇంటివారికి ఒకసారి చూపించండి. వారికన్న పెద్ద పండితుడు ఆ పేరు విషయంలో ఎవరూ లేరు.

ప్రూఫును తెర మీద చూసి సరేననకండి. అసలు కొలతలో కాగితం మీద తీయించి, చేతి పొడవు దూరాన పట్టుకుని చదవండి. కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప కనబడని అక్షరం కప్పు మీద కూడా కనబడదు. చదివాక తేదీ వేసి సంతకం చేయండి. ఆ సంతకం మీకూ మంచిది, మాకూ మంచిది.

అన్నిటికీ మించి, పోటీ రేపనగా రాకండి. చెక్కడం పది నిమిషాల పని. సరిగా గీయడానికీ, అడగడానికీ, దిద్దడానికీ రెండు రోజులు కావాలి. ఆటలో గెలుపు ఒక్క సాయంత్రం ఉంటుంది. కప్పు మీద మెరుగు కొన్నేళ్ళకు మాసిపోతుంది, పిడులు ఊడిపోతాయి, బొడిపెలు విరిగిపోతాయి. పలక మీది పేరు మాత్రం ఇంట్లో చాలాకాలం ఉంటుంది. అది తప్పు లేకుండా ఉండడానికి రెండు రోజులు ఎక్కువేమీ కాదు.